చిక్కదనం గింజదా, చికోరీదా? బెంగళూరు ఇళ్లలో ఫిల్టరు కాఫీ లెక్క

క్లుప్తంగా: ఫిల్టరు కాఫీ పాలతో తాగేది. పాలు లేకుండా తాగడానికి వేయించిన పొడిని ఇంట్లో స్టీలు ఫిల్టరులో వేస్తే పల్చగా, పుల్లగా వస్తుంది. గింజల ధరలు పెరిగినప్పటి నుంచి ప్యాకెట్ మీద చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) శాతం చూసి కొనాల్సిన అవసరం కూడా పెరిగింది. ఇంటి కాఫీ కుదరకపోవడానికి చాలాసార్లు కారణం బ్రాండు కాదు. పొడి పాతదవడం, మర (పొడి ఎంత మెత్తగా ఆడించారన్నది) సరిగ్గా లేకపోవడం, నీళ్ల కొలత తప్పడం, పాలు పల్చనవడం అసలు కారణాలు.

మల్లేశ్వరంలోనో, గాంధీ బజారులోనో పాత కాఫీ పొడి కొట్టు ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేదు, వీధి మలుపులోనే వాసన చెప్పేస్తుంది. వంతు రాగానే కౌంటరు వెనక మనిషి వేసే మొదటి ప్రశ్న "చికోరి ఎష్టు?", అంటే చికోరీ ఎంత అని. తరాల కిందట హిందూపురం నుంచో, మదనపల్లె నుంచో వచ్చి స్థిరపడ్డ ఇళ్లవాళ్లకు జవాబు నోట్లోనే ఉంటుంది. "ఎనభై ఇరవై" అంటారు, లేదా "వద్దు, ప్యూర్" అంటారు. ఉద్యోగం కోసం నిన్నగాక మొన్న దిగిన, టీ తాగి పెరిగిన వరంగల్ కుర్రాడికి మాత్రం అది సిలబస్‌లో లేని ప్రశ్న.

పోనీ అని సూపర్ మార్కెట్‌కి వెళ్తే అక్కడ ఇంకో రకం టెన్షన్. ఒక అరలో 53 శాతం కాఫీ, 47 శాతం చికోరీ అని రాసి ఉన్న ప్యాకెట్లు. పక్క అరలో తోట పేరు, ఎత్తు, వేయింపు తేదీ, "నారింజ, మల్లె, బెల్లం రుచులు" అని రాసిన సంచులు. ధర రెండు మూడు రెట్లు. ఎక్కువ డబ్బు పెట్టి రెండోది కొని, ఇంట్లో ఫిల్టరులో వేసి, పాలు కలిపి తాగితే నీళ్ల కాఫీలా ఉంటుంది. అప్పుడు వచ్చే అనుమానం సహజమే. మోసం ఎక్కడ జరిగింది?

నిజానికి అక్కడ మోసమేమీ లేదు. రెండు వేరు వేరు పానీయాలకు ఒకే పేరు ఉండటం వల్ల వచ్చిన గందరగోళం అది.

ఒకే పేరు, రెండు పానీయాలు

కాఫీ గింజను వేయించేకొద్దీ దానిలోని ఆమ్లాలు విరిగిపోతూ ఉంటాయి, చేదు పెరుగుతుంది, మాడు బెల్లంలాంటి వాసన వస్తుంది. గింజ కూడా పెళుసుబారి, నీళ్లకు తేలిగ్గా లొంగుతుంది. తక్కువ వేయించిన గింజ దీనికి పూర్తిగా వ్యతిరేకం. గట్టిగా ఉంటుంది, పండు పులుపును కొంత నిలుపుకుంటుంది, నీళ్లలోకి సారాన్ని అంత సులువుగా వదలదు. కాగితం ఫిల్టరు మీద సన్నటి ధారగా వేడినీళ్లు పోసి, పాలు లేకుండా తాగేవాళ్లకు కావాల్సింది ఆ పులుపే. సంచి మీద రాసిన నారింజ అదే.

పాలు కలిపితే కథ మారిపోతుంది. పాలలోని ప్రొటీన్లు కాఫీలోని వగరును పట్టుకుని మెత్తబరుస్తాయి, కొవ్వు సున్నితమైన వాసనలను కప్పేస్తుంది. ముదురు వేయింపు చేదుకు ఇది మేలు. లేత వేయింపుకు మాత్రం ఉన్న సుగుణం కాస్తా పోయి, పులుపు ఒక్కటే మిగులుతుంది. పాలలో పులుపు తగిలితే మన నాలుకకు తోచేది నారింజ కాదు, విరగబోతున్న పాలు.

అందుకే ఫిల్టరు కాఫీకి మధ్యస్థం నుంచి ముదురు వేయింపు ఎంచుకోవడం పాతకాలపు అలవాటు మాత్రమే కాదు, పాలను తట్టుకునే రుచి దానికే ఉంది. అలాగని మరీ నల్లగా, నూనె తేలేలా వేయించినదీ పనికిరాదు. అందులో తోట తేడాలన్నీ మాడిపోయి, ఏ గింజ అయినా ఒకేలా ఉంటుంది. అరకు అరబికా (కాఫీలోని రెండు ప్రధాన రకాల్లో ఒకటి, రెండోది రొబస్టా) కొనుక్కునే తెలుగువాళ్లు బెంగళూరులో చాలామందే ఉన్నారు. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన కాఫీ అది. అయితే ఊరి మీద అభిమానంతో కొనేముందు అది ఏ వేయింపో ఒకసారి చూడాలి. పాలు లేకుండా తాగేవాళ్ల కోసం లేతగా వేయించిన సంచి అయితే ఫిల్టరులో నిరాశే.

ధర ఎక్కడ మొదలైంది

మన దేశపు కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకలోనే పండుతుంది. చిక్కమగళూరు తోటలు బెంగళూరుకు ఒక పూట ప్రయాణం. యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చంద్రగిరి కొండల్లో నాటాడని చెప్పుకునే బాబా బుడన్ కథ ఆ కొండలదే. ఇంత దగ్గరలో పండే పంటకు ఎక్కడో బ్రెజిల్‌లో వానలు పడకపోతే ఇక్కడ ధర ఎందుకు పెరగాలి?

1942లో ఏర్పడిన కాఫీ బోర్డు ప్రధాన కార్యాలయం బెంగళూరులోనే ఉంది. దశాబ్దాల పాటు రైతు పంటంతా బోర్డుకే అప్పగించాలి, బోర్డే అమ్మి పెట్టాలి. 1990ల మధ్యనాటికి ఆ పద్ధతి పోయి, రైతు నచ్చినవారికి అమ్ముకునే వీలు వచ్చింది. దేశంలో పండేదానిలో పెద్ద వాటా ఎగుమతి అవుతుంది. కాబట్టి కొడగు రైతు తన గింజను ఇక్కడి పొడి కొట్టుకు అమ్మాలన్నా, అడిగే ధర లండన్, న్యూయార్క్ మార్కెట్లను చూసే అడుగుతాడు. రొబస్టా ధర లండన్‌లో, అరబికా ధర న్యూయార్క్‌లో తేలుతుంది.

కాఫీలో మొదటి స్థానం బ్రెజిల్‌ది, రొబస్టాలో వియత్నాంది. రెండు చోట్లా వరుసగా వాతావరణం దెబ్బతీసింది. 2024 సెప్టెంబరులో రొబస్టా టన్ను 5,000 డాలర్లు దాటింది. 2025 ఫిబ్రవరిలో అరబికా పౌండు 4 డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. పచ్చి గింజ వేయిస్తే తేమ పోయి బరువు 15 నుంచి 20 శాతం దాకా తగ్గుతుంది. అంటే కిలో పొడి కావాలంటే సుమారు కిలో రెండు వందల గ్రాముల గింజ పోయాలి. గింజ ధరలో వచ్చిన పెరుగుదల పొడి ధరలో ఇంకాస్త లావుగా కనిపించడానికి ఇదో కారణం.

ఈ ఒత్తిడిలో పొడి అమ్మేవారి ముందు మూడు దారులుంటాయి. ధర పెంచడం, చవక రకం గింజ వైపు జరగడం, చికోరీ పెంచడం. మొదటిది అందరికీ కనిపిస్తుంది. మిగతా రెండూ ప్యాకెట్ తిప్పి చదివితేనే తెలుస్తాయి.

బోర్డు మీది పేర్లు

పొడి కొట్లలో కనిపించే "పీబీ", "ప్లాంటేషన్ ఏ", "చెర్రీ" అనే మాటలు బ్రాండ్లు కావు, గింజను ఎలా తయారు చేశారో, ఎంత సైజో చెప్పే గుర్తులు. కోసిన పండు తొక్క తీసి, జిగురు కడిగి ఎండబెట్టిన అరబికాను ప్లాంటేషన్ అంటారు. రొబస్టాను అలాగే కడిగితే పార్చ్‌మెంట్. ఏ రకమైనా సరే, పండును పండులాగే ఎండలో ఆరబోసి తర్వాత తొక్క తీస్తే చెర్రీ. కడిగినది రుచిలో శుభ్రంగా, కాస్త పదునుగా ఉంటుంది. చెర్రీలో తీపి, బరువు ఎక్కువ, ఒక్కోసారి మట్టి వాసన కూడా వస్తుంది.

"ఏ" అనే అక్షరాన్ని ఫస్టు క్లాసు మార్కులా చదవడం మామూలు పొరపాటు. అది జల్లెడ సైజు. పెద్ద గింజ ఏ, దాని తర్వాత బి, ఆపైన సి. పెద్ద గింజలన్నీ ఒకే సైజులో ఉంటే వేయింపు సమంగా వస్తుందన్నది నిజమే గానీ, పెద్దదైనంత మాత్రాన రుచి గొప్పదని కాదు.

పీబీ, అంటే పీబెర్రీ, మాటా అలాంటిదే. కాఫీ పండులో మామూలుగా రెండు గింజలు, చప్పటి వైపులు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. కొన్ని పండ్లలో ఒకటే గింజ పెరిగి గుండ్రంగా తయారవుతుంది. వేయించే డ్రమ్ములో అది బాగా దొర్లుతుంది, కాబట్టి అన్ని వైపులా సమంగా వేగుతుంది. దాని రుచే వేరు అనే మాటలో నిజం కొంత, పేరు మీద మోజు కొంత. పీబీ, ఏ చెరి సగం అనేది దక్షిణాదిన తరతరాల కొలత. చెడ్డ ఎంపిక కాదు. కానీ రెండూ అరబికాలే కాబట్టి పాలలో కాస్త మెత్తగా ఉంటాయి.

చిక్కదనం కోరుకునేవారికి అడగదగ్గది రొబస్టా. అరబికాలో కెఫీన్ సుమారు 1.2 శాతం ఉంటే రొబస్టాలో దాదాపు 2.2. చేదు ఎక్కువ, నోట్లో తగిలే బరువు ఎక్కువ. పాలు ఎంత పోసినా వెనక్కి తగ్గదు. రొబస్టా అంటే కల్తీ సరుకు అనే చిన్నచూపు ఉంది గానీ, శ్రద్ధగా కడిగి ఆరబెట్టిన రొబస్టా పార్చ్‌మెంట్‌ను మూడో వంతు కలిపిన పొడి, చికోరీ లేకుండానే నిండుగా దిగుతుంది. ప్యూర్ కాఫీ పల్చగా ఉందని చికోరీకి తిరిగి వెళ్లేవారు ముందు ఈ దారి చూడటం మంచిది.

చికోరీ దొంగా, దోస్తా

చికోరీ కాఫీకి చుట్టం కాదు. ఒక మొక్క వేరును ముక్కలు చేసి, ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది. నెపోలియన్ కాలంలో సముద్ర వ్యాపారం మూసుకుపోయి కాఫీకి కరువొచ్చినప్పుడు ఫ్రాన్సులో దీని వాడకం బాగా పెరిగింది. కరువు పోయినా అలవాటు మిగిలింది. మన దగ్గరా జరిగింది దాదాపు అదే.

ఈ వేరులో ఇనులిన్ అనే పిండి పదార్థం ఎక్కువ. వేయిస్తే అది మాడు బెల్లంలా రంగు తేలుతుంది. కెఫీన్ మాత్రం బొత్తిగా లేదు. అసలు కిటుకు కరగడంలో ఉంది. వేయించిన కాఫీ పొడిలో నీళ్లలోకి దిగగలిగేది ఎంత గింజుకున్నా 30 శాతం లోపే. చికోరీలో అందుకు రెట్టింపుకు పైగా కరుగుతుంది. పైగా అది నీటిని పట్టుకుని మెల్లగా వదులుతుంది, అందువల్ల పక్కనున్న కాఫీ పొడి కూడా ఎక్కువసేపు నానుతుంది. కొంచెం చికోరీతో డికాషన్ నల్లగా, చిక్కగా దిగడానికి కారణం ఇదే.

కాబట్టి 10 నుంచి 20 శాతం దాకా అది సాయం చేసేదే. 30 దాటాక తీపి, చేదు కలిసిన ఒక వేరు రుచి ముందుకొస్తుంది, కాఫీ వెనక్కి పోతుంది. 40 దాటితే గ్లాసులో ఉన్నది రంగు, చిక్కదనం మాత్రమే. "కాఫీ తాగినా నిద్ర మత్తు వదల్లేదు" అనే ఫిర్యాదుకు జవాబు చాలాసార్లు ప్యాకెట్ వెనకే ఉంటుంది.

ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, రెండింటి శాతాలూ ప్యాకెట్ మీద రాయాలి. 53, 47 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడ అర్థమవుతుంది. గీతకు రెండడుగుల ఇవతల అన్నమాట.

డబ్బు లెక్క కూడా ఒకసారి వేసి చూడొచ్చు. ఊహకు, కాఫీ కిలో 1,000 రూపాయలు, చికోరీ 200 అనుకుందాం. 80–20 మిశ్రమం కిలో 840 పడుతుంది, అందులో 800 గ్రాముల కాఫీ ఉంది. గ్రాము కాఫీకి రూపాయి ఐదు పైసలు. 53–47 మిశ్రమం 624 పడుతుంది, కాఫీ 530 గ్రాములే. గ్రాముకు రూపాయి పద్దెనిమిది పైసలు. చవక ప్యాకెట్ చవకే, అందులోని కాఫీ మాత్రం చవక కాదు. అయితే చికోరీ చిక్కదనం వల్ల ఆ పొడి చెంచా తక్కువ వేసినా సరిపోతుందనే వాదనా కొట్టిపారేయదగ్గది కాదు. ఎవరికి కెఫీన్ కావాలి, ఎవరికి చిక్కదనం చాలు అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది.

అనుమానం ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గాజు గ్లాసులో చన్నీళ్లు తీసుకుని, పైన చిటికెడు పొడి చల్లి కదపకుండా చూడాలి. కాఫీ పొడి నూనె గుణం వల్ల పైనే తేలుతూ ఉంటుంది. చికోరీ కొద్ది క్షణాల్లోనే మునుగుతూ, వెనక గోధుమరంగు చారను వదులుతుంది. అయితే దీనితో శాతం చెప్పలేం. "ప్యూర్" అని కొన్న పొడిలో చారలు బారులు తీరితే మాత్రం కొట్టు మార్చాలని అర్థం.

ఫిల్టరు లోపల జరిగేది

దక్షిణాది ఫిల్టరులో కదిలే భాగాలు లేవు, కరెంటు లేదు. అడుగున సన్నటి చిల్లులున్న పై గిన్నె, డికాషన్ పడే కింది గిన్నె, పొడి మీద పెట్టే కాడ ఉన్న చిల్లుల బిళ్ల, ఒక మూత. భూమ్యాకర్షణే మోటారు. ఇంత తేలికైన పరికరంలో ఇన్ని తప్పులు జరగడానికి కారణం, నీళ్లు పొడిలో ఎంతసేపు ఉంటాయన్నది పూర్తిగా పొడి చేతిలో ఉండటమే. ఎస్ప్రెసో మిషన్‌లో ఒత్తిడి పెంచొచ్చు, కాగితం ఫిల్టరులో ధార తగ్గించొచ్చు. ఇక్కడ పొడి మెత్తదనం, వేసిన మందం, ఒత్తిన బలం, ఈ మూడే వేగాన్ని నిర్ణయిస్తాయి.

మర మరీ మెత్తగా ఉంటే, గోధుమపిండిలా, చిల్లులు మూసుకుంటాయి. గంట గడిచినా కింద నాలుగు చుక్కలే. రవ్వలా మొరటుగా ఉంటే నీళ్లు రెండు నిమిషాల్లో జారిపోయి, లేత రంగు కషాయం దిగుతుంది. కావాల్సింది ఈ రెండింటికీ మధ్య. వేళ్ల మధ్య నలిపితే పొడిలా తగులుతూనే కాస్త గరుకు తెలియాలి. కొట్లో "ఫిల్టరుకు" అని చెబితే వాళ్లే సరిగ్గా మర ఆడిస్తారు. మిక్సీలో ఇంట్లో పొడి చేస్తే మెత్తటిదీ మొరటుదీ కలిసిపోతాయి. మెత్తటిది చిల్లులు మూస్తుంది, మొరటుది సారం ఇవ్వదు. గింజలు కొని మిక్సీ వాడటం కన్నా తాజాగా మర ఆడించిన పొడి కొద్దికొద్దిగా తెచ్చుకోవడమే నయం.

కొలత విషయం. ఇద్దరు ముగ్గురికి సరిపడే డికాషన్ కోసం 30 గ్రాముల పొడి, 180 మిల్లీలీటర్ల నీళ్లు అనుకుంటే, పొడి తన బరువుకు సుమారు రెట్టింపు నీటిని మింగేసుకుంటుంది. అంటే 60 మిల్లీలీటర్లు పైనే ఉండిపోతాయి, కిందికి దిగేది దాదాపు 120. పోసిన నీళ్లన్నీ దిగాలని ఆశించి, తక్కువ వచ్చిందని ఇంకో గ్లాసు పోసేయడం దగ్గరే చాలా ఇళ్లలో కాఫీ పల్చబడుతుంది. కాగితం ఫిల్టరు కాఫీలో కరిగిన పదార్థం ఒకటిన్నర శాతం లోపే ఉంటుంది, ఎస్ప్రెసోలో 8, 10 శాతం దాకా వెళ్తుంది. మన డికాషన్ ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. మూడు వంతుల పాలు పోసినా రుచి నిలబడేది ఆ గాఢత వల్లే.

పొడి వేసి, గిన్నెను ఒకసారి తట్టి సమంగా చేసి, బిళ్లను మెల్లగా ఆనించాలి. గట్టిగా నొక్కితే నీళ్లు దిగవు. అసలు నొక్కకుండా వదిలేస్తే నీళ్లు ఒక పక్క దారి చేసుకుని పారిపోతాయి, మిగతా పొడి సగం పొడిగానే ఉండిపోతుంది. మొదట కొంచెం వేడినీళ్లు, పొడి తడిసేంత మాత్రమే పోసి అర నిమిషం ఆగితే తాజా పొడి ఉబ్బి బుడగలు వస్తాయి. వేయింపులో గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు అలా బయటికి పోతుంది. అది ఉన్నంతసేపు నీటిని దగ్గరికి రానివ్వదు. బుడగలే రాకపోతే పొడి వయసు తెలిసిపోయినట్టే. ఆ తర్వాత మిగతా నీళ్లు పోసి మూత పెట్టాలి. పావుగంట నుంచి అరగంటలో దిగితే మర సరిగ్గా ఉన్నట్టు.

పొడి బాగుండి, మర బాగుండి కూడా ఒక్కోసారి డికాషన్ దిగదు. అప్పుడు తప్పు గాలిది. రెండు గిన్నెలూ మరీ బిగుతుగా కూర్చుంటే కింది గిన్నెలో గాలి బయటికి పోయే దారి లేక, పైనుంచి వచ్చే నీళ్లను అడ్డుకుంటుంది. పై గిన్నెను కొద్దిగా తిప్పి వదులు చేస్తే టపటపా దిగడం మొదలవుతుంది. ఇది తెలియక ఫిల్టరును టేబుల్ మీద దబదబా కొట్టే ఇళ్లు లెక్కలేనన్ని. చిల్లులు జిడ్డుతో మూసుకుపోతే మాత్రం వేరే వైద్యం. స్టీలు గిన్నెను ఖాళీగా సన్నటి మంట మీద కాసేపు చూపి, చల్లారాక బ్రష్‌తో తోమితే తెరుచుకుంటాయి.

నీళ్లు: బెంగళూరు వేరు, చెన్నై వేరు

బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ నీళ్లు సుమారు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చెన్నైలో 100 దగ్గర. డికాషన్‌కు కావాల్సిన వేడి 91 నుంచి 96 డిగ్రీల మధ్య. అంటే "నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి పోయండి" అన్న సలహా చెన్నైకి సరిపోతుంది గానీ, బెంగళూరులో ఆగితే వేడి పోతుంది. డిసెంబరు పొద్దున చల్లటి స్టీలు ఫిల్టరు తగిలితే ఇంకా పోతుంది. ఇక్కడ మరిగిన నీళ్లను మరిగినట్టే పోయడం, ముందు ఫిల్టరును వేడినీళ్లతో ఒకసారి కడగడం మంచిది. మద్రాసు అత్తగారి పద్ధతి బెంగళూరు కోడలికి కుదరకపోతే తప్పు కోడలిది కాకపోవచ్చు.

ఇంతకన్నా పెద్ద తేడా నీటి రుచిది. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే కావేరి నీళ్లు ఒక రకం, అపార్ట్‌మెంట్లకు ట్యాంకర్లో వచ్చే బోరు నీళ్లు ఇంకో రకం. బోరు నీటిలో సున్నం లవణాలు ఎక్కువైతే అవి కాఫీలోని ఆమ్లాన్ని చంపేస్తాయి, కాఫీ చప్పగా, మొద్దుగా ఉంటుంది. పూర్తిగా లవణాలు తీసేసిన ఆర్వో నీళ్లు దీనికి రెండో కొస. లవణాలు అసలే లేకపోతే సారం సరిగ్గా దిగదు, పులుపు పొడుచుకొస్తుంది. వేసవిలో కావేరి నీళ్లు తగ్గి బోరు నీళ్లు వచ్చే రోజుల్లో అదే పొడి, అదే చేయి, కాఫీ మాత్రం వేరుగా ఉండటం చాలా ఇళ్లు గమనించే సంగతే. ఆర్వో మిషన్‌లో లవణాల స్థాయిని మార్చే చిన్న స్క్రూ ఉంటే దాన్ని కొంచెం పెంచి చూడొచ్చు. లేదంటే సగం ఆర్వో, సగం కావేరి.

పాలు

పొడి మీద వెయ్యి రూపాయలు పెట్టి, పాల దగ్గర మూడు రూపాయలు మిగిల్చుకునే ఇళ్లలో కాఫీ కుదరదు. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, స్టాండర్డైజ్డ్‌లో నాలుగున్నర, ఫుల్ క్రీమ్‌లో 6. రోజూ తాగే కాఫీకి నాలుగున్నర శాతం పాలు సరిగ్గా నప్పుతాయి. ఫుల్ క్రీమ్‌లో వెన్న రుచి కాఫీని మింగేస్తుంది, కాబట్టి డికాషన్ కొంచెం పెంచాలి.

కుంభకోణం డిగ్రీ కాఫీలో "డిగ్రీ" అన్న మాట పాలు కొలిచే లాక్టోమీటరు నుంచి వచ్చిందని ఒక కథ. నీళ్లు కలపని పాలకు డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది కదా. చికోరీ మాట నోళ్లలో అరిగి డిగ్రీ అయిందని ఇంకో కథ. మొదటి కథే నిజమైతే, ఆ కాఫీ పేరు గింజ వల్ల కాదు, పాల వల్ల వచ్చిందని అనుకోవాలి.

పాలు ఒక్క పొంగు రాగానే దించాలి. పదే పదే మరిగిస్తే వచ్చే ఉడికిన వాసన డికాషన్‌ను దాటి ముక్కుకు తగులుతుంది. గ్లాసులో ముందు చక్కెర, దాని మీద డికాషన్, ఆ పైన పాలు. 150 మిల్లీలీటర్ల గ్లాసుకు 35, 40 మిల్లీలీటర్ల డికాషన్ చాలు. పై నుంచి గ్లాసుకీ డబరాకీ మధ్య రెండుసార్లు తిరగపోస్తే పాల ప్రొటీన్లు గాలిని పట్టి నురగ కడతాయి, నాలుక కాలనంతగా చల్లారుతుంది.

పాలు విరిగితే నెపం పొడి మీదికి పోతుంది గానీ, డికాషన్ మామూలుగా కొంచెం ఆమ్లమే. పాలు పాతబడి ఇప్పటికే పులుపెక్కుతుంటే, వేడి తోడై, ఆ కొంచెమే విరగ్గొట్టడానికి చాలు. నిన్నటి డికాషన్, నిన్నటి పాలు కలిసినప్పుడే ఈ ప్రమాదం ఎక్కువ.

పొడి ఎన్నాళ్లుంటుంది

గింజగా ఉన్నప్పుడు కాఫీ వాసన వారాల పాటు నిలుస్తుంది. పొడి అయిన క్షణం నుంచి గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరిగి, రోజుల్లోనే వాసన పోతుంది, తర్వాత నూనెలు ముక్కిపోతాయి. అందుకే నెలకు కిలో కన్నా వారానికో రెండు వారాలకో 200 గ్రాములు తెచ్చుకునే పాత పద్ధతిలో తెలివి ఉంది. మర నుంచి వేడిగా వచ్చిన పొడిని ఇంటికి తెచ్చి చల్లారనిచ్చి, గాలి చొరని చిన్న డబ్బాలో నిండుగా నింపాలి. సగం ఖాళీ డబ్బా అంటే సగం గాలి. రోజూ తెరిచే డబ్బాను ఫ్రిజ్‌లో పెడితే తీసిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది, ఇంగువ డబ్బా పక్కన పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మిగిలిన డికాషన్, రెండో డికాషన్

రాత్రి వేసి పొద్దున వాడుకోవడంలో తప్పు లేదు, చల్లారిన డికాషన్ ఒక రాత్రి బాగానే ఉంటుంది. మళ్లీ మంట మీద పెట్టి మరిగిస్తేనే చిక్కు. వేడికి ఆమ్లాలు విరిగి ఒక రకం పుల్లటి చేదు పుడుతుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, కావాల్సినప్పుడు వేడినీళ్ల గిన్నెలో డికాషన్ గిన్నెను నిలబెట్టి వెచ్చబరచాలి, లేదా చల్లటి డికాషన్ మీదే పొంగిన పాలు పోసుకోవాలి.

ఒకసారి దిగిన పొడి మీద మళ్లీ నీళ్లు పోసి తీసే రెండో డికాషన్ ధరలు పెరిగాక మళ్లీ చాలా వంటిళ్లలోకి వచ్చింది. మంచి వాసనలు, తీపి మొదటి నీళ్లతోనే చాలావరకు దిగిపోతాయి, రెండోసారి వచ్చేది ఎక్కువగా చేదు, రంగు. దాన్ని విడిగా తాగడం కష్టం. మొదటి డికాషన్ మరీ గాఢంగా ఉన్నప్పుడు నీళ్లకు బదులుగా రెండు చెంచాలు కలుపుకోవడానికి పనికొస్తుంది. సాయంత్రం చుట్టాలొస్తే మాత్రం ఫిల్టరు కడిగి కొత్తగా వేయడమే.